మనిషికి ఒక్క ఫైలు

ఫోటోలో త్సేకో మొహం చుట్టూ కత్తిరించడానికి గలబీనాకి నలభై నిమిషాలు పట్టింది. చెవుల దగ్గర ఎప్పుడూ ఆలస్యమే. వెనకనుంచి వెలుతురు పడితే చెవి అంచు తెల్లబారి, మనిషిని ఎవరో తెచ్చి అతికించినట్టు కనబడతాడు. ఆ ఊరివాళ్ళు దేన్నైనా మరిచిపోతారు గానీ, చావు కాగితంలో తమవాడి చెవి తేడాగా వస్తే మాత్రం మరిచిపోరు. ఇంటి గుమ్మం మీద, కరెంటు స్తంభాల మీద, బస్టాపు గోడ మీద, చర్చి తలుపు పక్కన వేలాడే కాగితం మరి. నల్ల అంచు, పైన శిలువ, మధ్యలో ఫోటో, కింద నాలుగు మాటలు. పాలకి వెళ్ళినా పింఛనుకి వెళ్ళినా దాన్ని దాటుకునే వెళ్ళాలి.

మాల్వినా ఆ అచ్చుషాపులో స్టూలు మీద కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని స్క్రీను వంకే చూస్తోంది. ఆమె భర్త త్సేకో నిన్న, గురువారం, కత్సార్‌స్కీ గారి కలప కోతమిల్లులో రంపం మీద పడి చనిపోయాడు. రేపు సమాధి. కాగితాలు ఈ సాయంత్రానికే అతికించాలి.

"మెడ దాకా చాలు కదక్కా?" అంది మాల్వినా.

"చాలదు. భుజాలుండాలి. లేకపోతే పాస్‌పోర్టు ఫోటోలా ఉంటుంది."

"అయితే ఆ జాకెట్టు వద్దు. అన్నీ నూనె మరకలే. ఎన్నిసార్లు చెప్పానో ఉతకడానికి విప్పమని. మంచి కోటు ఒకటి ఉంది గానీ, అది వేసుకుని ఫోటో తీయించుకుంటేగా."

"కోటు నేను తొడుగుతాలే."

గలబీనా కంప్యూటరులో కోట్ల ఫోల్డరు ఒకటి ఉంది. పద్నాలుగు రకాలు, తలలు లేకుండా. ఈ ఇరవై రెండేళ్ళలో ఊరి మగవాళ్ళకి చివరి బట్టలు తొడిగింది ఆమే. శ్మశానంలో సగం మంది ఒకే నీలం కోటు వేసుకుని పడుకున్నారు, ఎవరికీ అనుమానం రాలేదు. బట్టతల ఉన్నవాళ్ళకి కాస్త జుట్టు పెట్టింది. కళ్ళు మూసుకున్నవాళ్ళకి కళ్ళు తెరిపించింది. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు, మర్యాద అనుకుంటారు.

త్సేకో ఫోనులో మొత్తం నలభైమూడు ఫోటోలున్నాయి. కుక్క, ద్రాక్షపాదు, పొగ గొట్టం పగులు, కుక్క, మళ్ళీ కుక్క. మనిషి ఉన్నది ఒక్కదాంట్లోనే. చనిపోయిన రోజు పొద్దున్న మిల్లులో తోటి పనివాడు పెన్యో తీసి పంపినది. టోపీ వెనక్కి తోసుకుని, మిషను పక్కన నిలబడి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

"ఇంట్లో ఇట్లా నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఇదే పెట్టక్కా." మాల్వినా ఫోను వంక చూసింది. "తొందరగా చెయ్యి. ఫోను పన్నెండింటికల్లా ఇచ్చేయమన్నారు. మిల్లుది కదా. లోపలున్నవన్నీ తీసేసి ఖాళీగా ఇమ్మన్నారు."

"మనిషిని ఇంకా పూడ్చనేలేదు, ఫోనుకేం ముంచుకొచ్చింది?"

"కొత్తగా వచ్చేవాడికి ఇవ్వాలంట."

గలబీనా పెదవి విరిచి, నలభైమూడు ఫోటోలనూ కంప్యూటరులోకి తీసుకుని, ఫోనుని పెట్టెలోంచి తీసిన కొత్తదానిలా ఖాళీ చేసి ఇచ్చింది. తర్వాత త్సేకో చుట్టూ ఉన్నదంతా చెరపడం మొదలుపెట్టింది. వెనక కిటికీ పోయింది. మిషను పోయింది. మోచేతి దగ్గర ఒక తాడు ముక్క అడ్డం వచ్చి చాలా విసిగించింది. మిషను మీట మీదనుంచి వచ్చి సరిగ్గా చేతి మీదుగా కనబడుతోంది. బొమ్మని పెద్దది చేసి, చుక్క చుక్కగా ఆ తాడుని తుడిచేసింది. పక్కనే రంపం పళ్ళు కనబడుతున్నాయి. అవి కూడా తుడిచేసింది. ఆ పనిలో ఉన్నప్పుడు ఆమె కంటికి అడ్డం వచ్చేవి, రానివి అని రెండే రకాలు. అడ్డం వచ్చేది ఏమిటని ఆలోచించదు.

కోటు చక్కగా కుదిరింది. సేవ్ నొక్కింది. అదే పేరు మీద, పాతదాని మీదే.

అది ఆ షాపు పద్ధతి. నలభయ్యో రోజుకి, ఆరు నెలలకి, ఏడాదికి మళ్ళీ కాగితాలు వేయించుకుంటారు కాబట్టి ఫైళ్ళన్నీ దాచాలి. నాలుగేళ్ళ కిందట ఒకాయనకి రెండు ఫైళ్ళు ఉండిపోయి, ఆరో నెల కాగితాల్లో పొరపాటున పాతది పడింది. అందులో ఆయన చేతిలో సీసా ఉంది, ఒళ్ళో పరాయి ఆవిడ ఉంది. అరవై కాగితాలు ఊరంతా అతికించాక గానీ ఎవరూ చూడలేదు. కూతురు వచ్చి షాపు యజమాని జివ్కోని గొడుగుతో బాదింది. ఆ రోజునుంచి జివ్కో నియమం పెట్టాడు: మనిషికి ఒక్క ఫైలు. గలబీనాకి కూడా అది సబబుగానే తోచింది.

ఆ ఫోల్డరునే ఒక చిన్న పెన్‌డ్రైవులోకి కాపీ చేసి మాల్వినా చేతిలో పెట్టింది. "కుక్క ఫోటోలన్నీ ఇందులో ఉన్నాయి. పోగొట్టుకోకు."

మాల్వినా కాగితం చూసి, "దొరబాబులా ఉన్నాడు," అని అప్పుడు ఏడ్చింది.

మంగళవారం పదకొండు గంటలకి మాల్వినా మళ్ళీ వచ్చింది. నల్ల రుమాలు నుదుటి మీదికి జారిపోయింది, సర్దుకోలేదు. ముందున్న ఇద్దరు పిల్లల పుస్తకాల నకళ్ళు తీయించుకుని వెళ్ళేదాకా తలుపు పక్కనే నిలబడింది.

"అక్కా, ఆ కోటు తీసెయ్యి," అంది.

"బాగాలేదా?"

"బాగుంది. తీసెయ్యి. కింద జాకెట్టు ఉందిగా, వెనకాల మిషను ఉందిగా. అదంతా కావాలి నాకు. నేను అతన్ని తప్ప ఇంకేం చూళ్ళేదు. నువ్వు చూశావా? మిషనుకి మూత ఉందా అందులో?"

గలబీనా మౌసు మీదనుంచి చెయ్యి తీసేసింది. "ముందు ఏమైందో చెప్పు."

మాల్వినా నిలబడే చెప్పింది. రంపానికి ఇనప మూత ఉంటుంది. మూత తీస్తే ఒక మీట కదిలి రంపం దానంతటదే ఆగిపోవాలి. జిల్లానుంచి వచ్చిన లేబర్ ఇన్‌స్పెక్టరు దిలోవా శుక్రవారం సాయంత్రం మిల్లుకి వెళ్ళేసరికి మూత ఉన్నచోటనే ఉంది. మరలు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయట. మూత ఎప్పుడూ తీయలేదని పనివాళ్ళందరూ సంతకాలు పెట్టారు. త్సేకో రకియా సారా తాగి వచ్చి, తనే మూత విప్పుకుని, తనే పడ్డాడని కత్సార్‌స్కీ అంటున్నాడు.

"ఆరేళ్ళయిందక్కా మానేసి. ఈస్టరుకి కూడా ముట్టుకోలేదు. గ్లాసులు కూడా నాచేత దానం చేయించాడు. అట్లాంటివాణ్ణి పట్టుకుని... ఇవాళ రొట్టె కొనడానికి వెళితే బేకరీ అమ్మాయి ఏమందో తెలుసా? 'పాపం, మళ్ళీ మొదలుపెట్టాడంటగా' అంది. పూడ్చి మూడు రోజులు కాలేదు, అప్పుడే తాగుబోతుని చేసేశారు. శుక్రవారం తొమ్మిదో రోజు ప్రార్థన. ఆ రోజు కత్సార్‌స్కీ కాగితం తెస్తాడంట, తప్పంతా చనిపోయినవాడిదే అని నన్ను సంతకం పెట్టమని. నేను పెట్టినా పెట్టకపోయినా, ఏ రుజువూ లేకపోతే ఫైలు అట్లాగే మూస్తారంట. ఒక్క ఫోటో ఉన్నా తీసుకురామంది ఇన్‌స్పెక్టరమ్మ."

"పెన్యో దగ్గర ఉండాలిగా? వాడే తీశాడుగా."

"వెళ్ళాను. అసలు ఫోటోనే తీయలేదన్నాడు. గుమ్మంలోనే నిలబెట్టి చెప్పాడు, నేల చూస్తూ. నీ దగ్గరే ఉందక్కా. కోటు తీసెయ్యి."

"మాల్వినా, కోటు కింద ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేంటి? వేసినదాన్ని విప్పితే కింద ఉన్నది ఉండదా?"

కంప్యూటరులో అట్లా ఉండదని, ఒకదాని మీద ఒకటి సేవ్ చేస్తే కిందది పోతుందని, పెన్‌డ్రైవులో ఇచ్చినది కూడా కోటుదేనని గలబీనా చెప్పింది. చెప్తున్నకొద్దీ తన గొంతు తనకే అసహ్యంగా వినబడింది. చివరికి ఆ మిగిలిన మాట కూడా అనేసింది. "నేను చూశాను. మూత లేదు. పళ్ళన్నీ బయటికే ఉన్నాయి. మీట కదలకుండా తాడు కట్టి ఉంది. ఆ తాడు త్సేకో చేతికి అడ్డం వచ్చిందని నేనే చెరిపేశాను."

మాల్వినా తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండేది. మాల్వినా రుమాలు నెమ్మదిగా వెనక్కి లాక్కుంది.

"నీదేముందక్కా. జాకెట్టు బాగాలేదని నేనే కదా అన్నాను," అని వెళ్ళిపోయింది.

బుధవారం జివ్కో కాగితం కట్టలు తేవడానికి జిల్లా ఊరికి వెళ్ళాడు. గలబీనా షాపు తెరుస్తూనే, చెరిగిపోయిన ఫైళ్ళను వెతికిపెట్టే ప్రోగ్రాము ఒకటి దించుకుని కంప్యూటరుని దానికి వదిలేసింది. మధ్యాహ్నానికి అది రెండు వేల తునకలు పట్టుకొచ్చింది. ఎవరెవరివో ముక్కులు, పెళ్ళి కేకులు, రసీదులు. అన్నిటి మధ్యా త్సేకో దొరికాడు.

సగమే దొరికాడు. టోపీ, నవ్వు, కిటికీ, మరకల జాకెట్టు గుండె దాకా. అక్కణ్ణించి కిందికి ఉత్త బూడిదరంగు. మిషను ఉండేది ఆ కింది సగంలోనే. గలబీనా చాలాసేపు ఆ బూడిదరంగు వంక చూస్తూ కూర్చుంది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

మిల్లు వాళ్ళ కేలండరు కిందటేడు ఇక్కడే అచ్చు వేశారు. మే నెల పేజీ మీద ఆ మిషనే ఉంది, నిగనిగలాడుతూ, మూత పెట్టుకుని. గలబీనా దాన్ని తెరిచింది. మూత తీసేసింది. రంపాల కంపెనీ ప్రకటనలోంచి పళ్ళు తెచ్చి పెట్టింది. వెలుతురు కిటికీ వైపునుంచి పడేట్టు తిప్పింది. మీట నిలబెట్టింది, తాడు గీసింది, చేతి మీద దాని నీడ కూడా వేసింది. ఇంతకాలం ఏ ముసలాయన జుట్టు మీదా పెట్టనంత శ్రద్ధ పెట్టింది. మూడున్నరకి త్సేకో మళ్ళీ ఆ గురువారం పొద్దుటిలా మిషను పక్కన నిలబడి నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆమె అతికించిన బొమ్మలన్నిటిలోకీ నిజం చెప్పేది ఇదొక్కటే.

తలుపు గంట మోగింది. పెన్యో వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, తల మీదా కనుబొమల మీదా రంపపు పొట్టు. ఒక పెన్‌డ్రైవు బల్ల మీద పెట్టాడు.

"అక్కా, ఇవి ముప్పై కావాలంట. గట్టి కాగితం మీద."

గలబీనా తెరిచి చూసింది. మూత లేకుండా మిషను నడపరాదు అని పెద్ద అక్షరాలు. కింద పనివాళ్ళందరూ చదివి అర్థం చేసుకున్నట్టు సంతకాలకి గళ్ళు. పైన తేదీ జనవరిది.

"ఇది అక్టోబరు కదా పెన్యో."

"నన్నడక్కు. ఇచ్చారు, తెచ్చాను." అంటూ స్క్రీను వైపు తల తిప్పాడు. స్క్రీను మీద ఇంకో పక్క త్సేకో ఉన్నాడు. పెన్యో బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చేశాడు. "ఇదెక్కడిది? నేను చెరిపేశాగా! కత్సార్‌స్కీ పక్కన నిలబడి చెత్తబుట్టలోంచి కూడా తీయించాడు. త్సేకో ఫోను కూడా తెప్పించి చూశాడు. ఇదెక్కణ్ణించి వచ్చింది?"

"పైసగం నీదే. కిందిసగం నేను కట్టాను."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంకా దగ్గరికి వంగాడు.

"తాడు నీలం కాదు," అన్నాడు.

"మరి?"

"నారింజ రంగు. గడ్డిమోపులు కట్టేది."

గలబీనా రంగు మార్చింది.

"మూత ఇక్కడే ఉండాలి. గోడకి ఆనించి ఉంది, త్సేకో వెనకాల. నువ్వు అసలు పెట్టలేదు... ఊహూఁ, ఇంకా ఎడమకి. అదిగో. పొట్టు ఇంకా ఎక్కువగా ఉంటుంది, తడి ఓకు చెక్క కదా, ముద్దలు ముద్దలుగా."

ఇద్దరూ అలా పావుగంట పనిచేశారు. ఎవరైనా వస్తే పెళ్ళి ఆల్బం దిద్దించుకుంటున్నాడనే అనుకుంటారు. గలబీనా మూత పెట్టింది, పొట్టు పోసింది, ముడి దగ్గర ఆగింది.

"ముడి అట్లా కాదక్కా. కిందనుంచి రెండు చుట్లు, పైన ఒకటి, కొస ఇట్లా లోపలికి." అతని చేతులు గాలిలో లేచి, లేని తాడుని లేని మీటకి రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపి, గట్టిగా లాగాయి. చాలాసార్లు చేసిన పనిలా, చూడకుండానే.

గలబీనా ఆ చేతుల్నే చూసింది. "ఎవరు కట్టారు పెన్యో?"

చేతులు రెండూ జేబుల్లోకి పోయాయి. "దాన్ని చెరిపెయ్యక్కా."

"ఇన్‌స్పెక్టరుతో చెప్పు. ఇప్పుడు నాతో చెప్పినట్టే చెప్పు, చాలు."

"చెప్పి ఎక్కడికి పోవాలి? ఈ ఊళ్ళో ఆ మిల్లు కాక ఏముంది, నీ కాగితాల షాపు ఉంది. నువ్విస్తావా పని? చెరిపెయ్యి, నీకు దణ్ణం పెడతాను."

"చెరుపుతాను. నీ మొహం చూసి కాదు. ఇది పట్టుకెళితే వాళ్ళ లాయరు అరగంటలో అతుకులు లాగి బయట పెడతాడు. అప్పుడు మాల్వినా దొంగ అవుతుంది, త్సేకో తాగుబోతుగానే ఉండిపోతాడు." ఆమె బొమ్మని తీసేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది, అతను చూస్తుండగానే. బూడిదరంగు సగంతో ఉన్న త్సేకోని మాత్రం ఉంచుకుంది. "ఇదిగో, నా దగ్గర సగమే ఉంది. మొత్తం ఉన్నది నీ దగ్గరే. అది ఎట్లా చెరుపుకుంటావో చెరుపుకో."

పెన్యో లేచాడు. "ఆ ముప్పై కాగితాలు..."

"పట్టుకుపో. నేను వెయ్యను."

"అక్కా, జివ్కోకి ఫోను చేస్తారు. నీ ఉద్యోగం పోతుంది."

"నాకు తెలీదా?"

గురువారం ఇన్‌స్పెక్టరు దిలోవా మున్సిపల్ ఆఫీసు రెండో అంతస్తులో, ఎవరిదో సెలవులో ఉన్న గుమాస్తా బల్ల ముందు కూర్చుని ఉంది. జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. గలబీనా తెచ్చిన సగం ఫోటోని కిటికీ వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"మీరు ప్రమాదం చూళ్ళేదు. ఫోటో చూశారు. ఆ ఫోటోని మీరే చెరిపేశారు. ఇప్పుడు మిగిలిన ముక్కలో మిషను లేదు. అంతేనా?"

"అంతే."

"దీని బరువు ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు."

"రాసుకోండి. ఎంత ఉంటే అంతే ఉండనివ్వండి."

దిలోవా ఆమె వంక చూసి, తెల్ల కాగితం ఒకటి ముందుకి తోసింది. ఇంతకాలం ఊళ్ళో పోయినవాళ్ళందరికీ కింది నాలుగు మాటలు గలబీనాయే కొట్టింది. తన గురించి రాయాల్సి వచ్చేసరికి చెయ్యి సాగలేదు. నేను చెరిపాను అన్న మాట దగ్గర పెన్ను ఆగి చుక్క పెద్దదైంది. నారింజ రంగు తాడు, ముడి ఎలా వేశారో కూడా రాసింది.

"ఈ ముడి సంగతి మీకెట్లా తెలుసు?"

"చూసినవాళ్ళు చెప్పారు."

"ఎవరు?"

పెన్యో పేరు చెప్పేస్తే పిలుస్తారు. పిలిస్తే వాడు నేల చూస్తూ కాదంటాడు. రెండోసారి కూడా కాగితం మీద కాదన్నవాడు మళ్ళీ ఔననడం కష్టం. అది ఆలోచించి గలబీనా కాగితాన్ని బల్ల మీద వెనక్కి తోసింది. దిలోవాకి కూడా అది అర్థమైనట్టుంది, రెట్టించలేదు. ముక్కు తుడుచుకుని ముద్ర వేసింది. "రేపు రెండింటి బస్సుకి నేను వెళ్ళిపోతున్నాను. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను," అంది.

షాపుకి వచ్చేసరికి జివ్కో ఆమె ఉన్ని చొక్కా, టీ కప్పు, షాపులో వేసుకునే చెప్పులు ఒక సంచిలో పెట్టి బల్ల మీద ఉంచాడు. మొహం చూడలేకపోతున్నాడు.

"మనిషికి ఒక్క ఫైలు అన్నానే గానీ, మిల్లుతో యుద్ధానికి పొమ్మన్నానా గలబీనా? మన పనిలో సగం వాళ్ళదే. నేనేం చెయ్యను, నువ్వే చెప్పు."

"ఏం చెయ్యకు. ఆ కోట్ల ఫోల్డరు మాత్రం తీసెయ్యకు, జనానికి పనికొస్తుంది," అని సంచి తీసుకుంది. దారిలో బస్టాపు గోడ మీద త్సేకో నీలం కోటులో నవ్వుతున్నాడు. ఆమె అటు చూడకుండా నడిచింది.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి శ్మశానంలో పాతికమంది ఉన్నారు. పాదిరి ప్రార్థన ముగించి, సమాధి మీద ఎర్ర ద్రాక్షసారా పోసి వెళ్ళిపోయాడు. మాల్వినా ఉడకబెట్టిన గోధుమలు గిన్నెలోంచి ప్లాస్టిక్ గ్లాసుల్లోకి తోడుతోంది. పంచదార, దంచిన అక్రోటులు కలిపి, చెంచాతో పైన నున్నగా అదిమింది. ఒక్కొక్కళ్ళూ వచ్చి గ్లాసు అందుకుంటున్నారు, దేవుడతన్ని క్షమించుగాక అంటున్నారు, పక్కకి జరిగి తింటున్నారు. అలా అనకుండా గ్లాసు పుచ్చుకోవడం అక్కడ లేదు.

కత్సార్‌స్కీ కూడా వచ్చాడు. టోపీ తీసి, పూలదండ పెట్టి, గ్లాసు అందుకుని, ఆ మాట అందరికంటే స్పష్టంగా అన్నాడు. తర్వాత చంకలో తోలుసంచితో ఒక పక్కగా నిలబడ్డాడు, పని అయ్యాక మాట్లాడదామన్నట్టు. గలబీనా తన గ్లాసు తీసుకుని, తినలేక పట్టుకు నిలబడింది. రేపటినుంచి ఏం చేయాలో ఆమెకి తెలియదు. కానీ ఆ క్షణంలో ఆ తోలుసంచే ఆమె గుండె మీద కూర్చుంది. కాసేపట్లో అది తెరుచుకుంటుంది, మాల్వినా సంతకం పెట్టినా పెట్టకపోయినా రెండింటికి బస్సు వెళ్ళిపోతుంది.

పెన్యో అందరికంటే చివర వచ్చాడు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. కనుబొమల్లో పొట్టు ఇంకా ఉంది.

"తీసుకో పెన్యో," అంది మాల్వినా. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు.

అతను గ్లాసు అందుకున్నాడు. ఆ మాట మాత్రం అనలేదు. వెనకనుంచి ఎవరో ముసలావిడ, "అనవయ్యా, దేవుడు క్షమించాలని అను," అంది.

"దేన్ని క్షమించాలి?" అన్నాడు పెన్యో.

ముసలావిడకి అర్థం కాలేదు. "అదేం మాట?"

"కాదు, అతనేం చేశాడని దేవుడు క్షమించాలి? మూత విప్పింది నేను. మీటకి తాడు కట్టింది నేను. తడి ఓకుకి పొట్టు ఇరుక్కుని గంటకోసారి ఆగిపోతోంది, మూత తీసి కానివ్వండి అని ఆయన చెప్పాడు, నేను కట్టాను." చేత్తో చూపించలేదు, ఎవరూ అటు తిరిగి చూడనూ లేదు, అయినా కత్సార్‌స్కీ టోపీ పెట్టుకున్నాడు. "త్సేకో వద్దన్నాడు. ఈ మిషను దగ్గర నేను నిలబడనన్నాడు. చీమిడి ముక్కు పిల్లాడిలా భయపడతావేంట్రా, వెళ్ళి మాల్వినా కొంగు పట్టుకో అని ఎక్కిరించాను. అందరూ నవ్వారు. చివరికి అతనూ నవ్వాడు. అప్పుడే తీశాను ఆ ఫోటో."

ఎవరి చెంచా కదల్లేదు. గలబీనా తన గ్లాసు పక్క రాతి మీద పెట్టేసింది. ఆ నవ్వు చూసే కదా మాల్వినా ఇదే పెట్టమంది. ఆ నవ్వునే కదా తను చెవులు దిద్ది, కోటు తొడిగి, అరవై కాగితాల మీద ఊరంతా పెట్టించింది.

"సమాధి దగ్గర ఇవేం మాటలు పెన్యో?" అన్నాడు కత్సార్‌స్కీ మెత్తగా. "నిద్రలేనట్టుంది నీకు. ఇంటికి పద, నేను దింపుతాను."

మాల్వినా గిన్నె కింద పెట్టింది. పెన్యో దగ్గరికి వెళ్ళి, అతని చేతిలోంచి గోధుమల గ్లాసు వెనక్కి తీసేసుకుంది.

"ఇక్కడ చెప్తే త్సేకో ఒక్కడే వింటాడు. అతనికి నువ్వు చెప్పక్కర్లేదు," అంది. "ఇన్‌స్పెక్టరమ్మ రెండింటి దాకా ఉంటుంది. వెళ్ళి అక్కడ చెప్పు, సంతకం పెట్టు. ఇది మూతపెట్టి ఉంచుతాను, అప్పుడొచ్చి తిను."

పెన్యో చెయ్యి గ్లాసు ఉన్నట్టుగానే కాసేపు అలా ఉండిపోయింది. మాల్వినా వంక, కత్సార్‌స్కీ కారు వంక, చివరికి గలబీనా వంక చూశాడు.

"అక్కా, నాకు రాయడం అంతగా రాదు."

"నువ్వు చెప్పు, నేను రాస్తాను," అంది గలబీనా. "పద."